బొటనవేలు ఆనించకూడని గిటార్

తమ్ముడూ, నేనిక్కడ కులాసా.

నువ్వు చూసిరమ్మన్న, నీ అభిమాన వాద్యకారుడు సంతకం చేసిన బేస్ గిటార్‌ని నిన్న కొట్లో చూశాను. పక్కనే సంతకం లేనిదీ ఉంది. రెండూ విప్పించాను. చెక్క, తీగలు, వాటి మోత పట్టే పికప్‌లు ఒకటేనని కొట్టాయనే ఒప్పుకున్నాడు. తేడా రంగు, ఆ పెద్దాయన సంతకం. ధర మాత్రం నాలుగింతలు.

పైగా ఆ సంతకం సరిగ్గా నువ్వు బొటనవేలు ఆనించే చోటే ఉంది. “అక్కడ వేలు పెట్టొద్దని మీవాడికి చెప్పండమ్మా. చెరిగిపోతే మళ్లీ ఎవరూ కొనరు,” అన్నాడు.

“మరి వాయించేదెలా?”

“ఇంత పెట్టి కొని ఎవరైనా వాయిస్తారా అమ్మా? గోడకి తగిలించుకుంటారు గానీ!”

నాకు ఒళ్లు మండిపోయింది. దీనికోసమా పన్నెండేళ్లుగా నీకు అన్నం పెడుతున్న గిటార్‌ని అమ్ముతానంటున్నావు? అమ్మితే వచ్చే నెల కచేరీలో చేతులు కట్టుకుని కూర్చోవాలి.

నాన్న కొత్త కళ్లజోడు పెట్టుకుంటున్నారా? వంటింటి పంపు కారడం ఆగిందా?

శనివారం నీ గిటార్ కోసం వచ్చే ఆయనకి అమ్మనని మొహం మీదే చెప్పు. నోరు రాకపోతే అమ్మని ముందుకు పంపు. ఆవిడ గుమ్మంలోంచే తిప్పి పంపేస్తుంది.

అందరూ చల్లగా ఉండండి.

అక్క