కుదురుగా లేడు, మోతాదు పెంచాము

ఖాజాగూడ,
4 ఫిబ్రవరి 1999

ప్రియమైన అన్నకు,

నువ్వు రాసిచ్చిన బిళ్ళలతో మీ బావ చెవిలో గొంతులు ఆగిపోయాయి. కానీ మనిషి కూర్చోరు. హైటెక్ సిటీ ఆఫీసులో కంప్యూటర్ ముందు పది నిమిషాలు ఉండలేక తిరుగుతుంటే మేనేజరు ఇంటికి పంపేశాడు. ఇంట్లోనూ అదే నడక. నిన్న "కాసేపు కూర్చోండి" అన్నందుకు టీవీ ఎత్తి గోడకేసి కొట్టారు, నన్ను జుట్టు పట్టి ఈడ్చారు. భయమేస్తోంది. మనసు డాక్టరువి, ఏదో ఒకటి చెయ్యి.

నీ చెల్లి,
సౌజన్య

అనంతపురం,
8 ఫిబ్రవరి

చిట్టి సౌజన్యకు,

జబ్బు ముదురుతోందమ్మా. ఇలాంటివాళ్ళను రోజూ చూస్తున్నాను. బిళ్ళలు రెట్టింపు చెయ్యి, వారంలో దారికొస్తాడు. జాలిపడి ఒక్కపూట కూడా తప్పించకు.

ఆశీస్సులతో,
చంద్రమౌళి

ఖాజాగూడ,
20 ఫిబ్రవరి

అన్నా,

దారికి రాలేదు. రోకలితో నా ఎడమ మణికట్టు విరగ్గొట్టారు. రెండో దెబ్బ తలకే తగిలేది, పక్కింటి కిష్టమ్మ అడ్డం పడింది. నుదురు చిట్లి రక్తం కారుతున్నా, "తాడు తేండ్రి! గిట్ల ఇడిస్తే సంపుతడు!" అని అరిచింది. నలుగురు మగవాళ్ళు మీద కూర్చుని అదిమి మంచానికి కట్టేశారు. ఆ తర్వాత ఆయన అరుపులు వినలేకపోయాను. "కట్టాకండి సామీ, నడవనీయండి! కాళ్ళల్లో చీమలు పాకతాండాయి!" అంటూ తల మంచంపట్టెకు కొట్టుకున్నారు. గొంతులేమీ వినపడటం లేదట. మరి ఇదేం జబ్బన్నా? పిచ్చాసుపత్రిలో పడేయమంటున్నారు అందరూ. నువ్వు సరేనంటే పంపేస్తాను.

సౌజన్య

అనంతపురం,
24 ఫిబ్రవరి

సౌజన్యా,

ఎక్కడికీ పంపకు. మీ ఇంటి ఓనరు ఫోనుకు చేసి నీకు చెప్పిందే మళ్ళీ రాస్తున్నాను: మొదట ఇచ్చినదాంట్లో సగం, అంతే. పూర్తిగా మాన్పించకు. ఆదివారం నేనే వస్తున్నాను.

కాళ్ళల్లో చీమలన్న మాట చదివి రికార్డు గదిలోకి వెళ్ళాను. ఏడాది కేసు కాగితాలు, నూట నలభై, నేల మీద పరుచుకున్నాను. ముప్పై ఆరింటిలో నా చేతిరాతే: 'కుదురుగా లేడు, మోతాదు పెంచాము.' ఒక్కరినీ కాళ్ళెలా ఉన్నాయని అడగలేదు. ఇంట్లోవాళ్ళు పాత మందుచీటీ పట్టుకొస్తే మనిషిని చూడకుండానే పెంచేవాణ్ణి. బావకు చేసిందీ అదే. ఆ నడక జబ్బు కాదమ్మా, నా మందు తెచ్చిపెట్టింది. ఆ ముప్పై ఆరుగురిలో నారాయణప్ప అనే రైతు నాలుగు రోజులుగా మా వార్డులో కట్లలోనే ఉన్నాడు. విప్పడానికి వెళ్తున్నాను. ఈ చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది.

చంద్రమౌళి

ఖాజాగూడ,
25 మార్చి

ప్రియమైన అన్నకు,

నువ్వు చూసి వెళ్ళి మూడు వారాలు దాటింది. నిన్న మీ బావ పీట మీద కూర్చుని, కదలకుండా, అన్నమంతా తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ నా కట్టు చూసి, "ఇది నేను చేసిందేనా?" అన్నారు. అబద్ధం చెప్పలేదు. "రోకలి మీది, చీటీ మా అన్నది" అన్నాను. ఇద్దరం ఏడ్చాం.

నీ మీద కోపం పోలేదన్నా. నారాయణప్ప ఒక్కడి కట్లు విప్పావు. మిగతా ముప్పై అయిదు ఇళ్ళలో ఎవరి చెయ్యి విరిగిందో, ఎవరిని మంచానికి కట్టేశారో అడిగావా? నన్ను క్షమించమని వారానికో ఉత్తరం రాయడం మానెయ్యి. వాళ్ళకు రాయి. 'తప్పు మీవాడిది కాదు, నాది' అని మొదలుపెట్టు.

ఇంకా నీ చెల్లినే,
సౌజన్య