ఉప్పల్ మలుపులో దుమ్ము

నాచారం,
ఆగస్టు, 1968

పాండురంగ బావకు,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నా మోటారుసైకిల్‌కే పని లేకుండా పోయింది. మొన్నటి కార్ఖానాల పందెంలో చలపతిని నేనే గుద్ది పడేశానని కమిటీవాళ్లు నన్ను రెండేళ్లు పందేలకు రావద్దన్నారు. యాభై నాలుగేళ్లవాడికి రెండేళ్లంటే, ఇక ఇంట్లో కూర్చోమనే కదా.

ఉప్పల్ మలుపులో జెండా పట్టుకుని నిలబడ్డది నువ్వు. ఆ సాయంత్రం నా భుజం మీద చెయ్యేసి, "నేను కండ్లార సూసిన బావా. వాడే లోపలికి జొచ్చి నిన్ను గుద్దిండు, వాడే పడ్డడు. నువ్వేం ఫికర్ జెయ్యకు" అన్నావు. తెల్లారి కమిటీ ముందు మాత్రం, "మస్తు దుమ్ము లేసింది సార్, నాకేం కనబడలే" అన్నావు.

పందెం ముందురోజంతా వాన. అంత దుమ్ము ఎక్కడి నుంచి తెచ్చావు బావా? చలపతి తండ్రి నీకు పై ఆఫీసరని ఒక్క మాట చెప్పి ఉంటే, నిన్ను సాక్ష్యానికి పిలిచేవాణ్ణే కాదు.

మీ చెల్లెలు మాత్రం, "మా అన్న ఉన్నది ఉన్నట్టు చెప్పిండు, కమిటోళ్లే ఇనలే" అని వాడంతా చెప్పుకుంటోంది. నేను కాదనలేదు. దసరాకు వచ్చినప్పుడు ఆమెకు నిజం నువ్వే చెప్పు. ఆ పని కూడా నాతో చేయించకు.

ఇప్పటికీ నీకు బావనే.