డికాషన్ రంగు చెరువు

ఆదివారం, బిజినేపల్లి

నిన్నటి వానకు చేలలోని ఆకులు, పేడ కొట్టుకొచ్చి మా చెరువు టీ డికాషన్‌లా మారింది. నాతో కలిసి చేపలు పెంచే ఖాజా మామ పొద్దున్నే తవుడు బస్తాతో వచ్చాడు. నీటిపైన నోళ్లు తెరుస్తున్న చేపల్ని చూసి మురిసిపోయాడు.

"ఎంత ఆకలైతుందో సూడు!"

"ఆకలి గాదు మామా, ఊపిరాడ్తలేదు. ఆ చెత్త మురిగి నీళ్లల్ల గాలంత గుంజుకుంటుంది. తవుడేస్తే అది గూడ మురుగుతది."

మామ నాలుక కరుచుకున్నాడు. గాలి కలిసేలా మోటారు పెట్టి నీళ్లు పైకి చిమ్మించాం. మధ్యాహ్నానికి చేపలు హాయిగా కిందికి దిగాయి.

"తవుడు నా బర్రెకేస్త తియ్యి. దానికైతే గాలి మస్తుంది!" అని నవ్వుకుంటూ పోయాడు.

మళ్లీ మబ్బు పట్టింది. ఆ బర్రె పేడ ఎటు కొట్టుకొస్తుందో మామకు చెప్పనేలేదు...