బెత్తెడు తక్కువైన గేరు కేబులు

తల్లీ రిన్స్కే, మీ అమ్మ ఇవాళ సైకిలెక్కి, వంతెన దాటి, రొట్టెల దుకాణం దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

ముందు దీవెనలు, తర్వాత క్షేమం, ఆ తర్వాతే కబుర్లు రాయాలని బళ్ళో నేర్పారు. చదివిన ఆరు తరగతుల్లో నాకు గుర్తున్నది అదొక్కటే, ఇవాళ దాన్నీ తప్పాను. ఇదుగో నీకు గంపెడు దీవెనలు. మేమిద్దరం కులాసా. గడ్డి మొదటి కోత అయింది, కాలవలో పడవల రద్దీ మొదలైంది. అంత దూరాన, దక్షిణ అమెరికాలో ఆ ప్లాటా నది మొగలో ఇసుక తోడుకుంటూ నువ్వూ నీ ఓడా చల్లగా ఉన్నారని తలుస్తాను.

అసలు వైభవం విను. పొద్దున కాఫీ కాగానే మీ అమ్మ షెడ్డు తలుపు తీసి, సైకిలు బయటికి నడిపించి, కోటు గుండీలన్నీ పెట్టుకుని, "బౌకే, వెనకాల పరిగెత్తుకు రాకు. ఊళ్ళో నవ్వుతారు" అంది. నేను పరిగెత్తలేదు. నడిచాను, కాస్త జోరుగా. వంతెన పైకెత్తి పడవల్ని వదిలే ఒబ్బె అప్పుడే దారికి అడ్డకర్ర దించబోతున్నాడు. కింద తెరచాప పడవ ఒకటి ఎదురు చూస్తోంది. మీ అమ్మ వస్తుంటే చూసి ఒబ్బె చెయ్యి అలాగే ఆపేశాడు. పడవాయన కేకేశాడు: "ఏమయ్యా, ఎంతసేపు? సాయంత్రానికి నేను లెమ్మర్ చేరొద్దూ?"

ఒబ్బె గది కిటికీలోంచి తల బయట పెట్టాడు. "నీ పడవ ఆగుద్దిలే. ఆవిడగానీ ఆగిందంటే మళ్ళీ ఎక్కడానికి ఇంకో రెండేళ్ళు పట్టుద్ది."

ఎడమకు తిరిగి వంతెన మీదికి ఎక్కే ఆ మలుపు నీకు తెలుసు.  మీ అమ్మ ఒక గేరు తగ్గించి, హ్యాండిలు బాగా తిప్పి, తొక్కింది. గేరు జారలేదు. నడిమికి చేరాక గంట రెండుసార్లు మోగించింది, ఎవరూ అడ్డం లేకపోయినా. పడవాయన కూడా టోపీ తీశాడు. నేను వంతెన కమ్మీ పట్టుకుని, ముక్కు చీదుకుంటూ నిలబడ్డాను. చల్లగాలి వల్లే అని ఒబ్బెతో చెప్పాను. "గాలేదీ?" అన్నాడు వాడు.

ఇక నీ కిందటి ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. ఉత్తరపు గాలి వీస్తే అమ్మ తుంటి కాస్త సలుపుతుంది, వాన పడితే సలపదు. పాటల బృందానికి ఇన్నాళ్ళూ ఒకరి కారులో వెనక సీట్లో మూటలాగా వెళ్ళొచ్చింది, వచ్చే గురువారం నుంచి సైకిలు మీదే వెళ్తుందట. షెడ్డు కప్పు కారడం లేదు. ఆ సైకిలు ఎవరికైనా ఇచ్చెయ్యి నాన్నా, సెలవుకు వచ్చినప్పుడు నా కంట పడకూడదు అన్నావు. ఇవ్వలేదు. ఎందుకో రాస్తున్నాను.

ఓడలో నిన్ను రెండో ఇంజనీరును చేస్తామన్నారనీ, వద్దని చెప్పబోతున్నాననీ రాశావు. అమ్మ సైకిలుకే గేరు సరిగ్గా పెట్టలేనిదాన్ని, అంతమంది ప్రాణాలున్న యంత్రాన్ని ఎలా పట్టుకోను అన్నావు. ఆ కింద ఇంకో ప్రశ్న రాసి కొట్టేశావు. కొట్టేసినా చదవగలిగాను. "నాలుగో గేరులో పెట్టి, వెనక చక్రం హబ్బు మీద పసుపు గీతలు రెండూ ఒకే వరసలోకి వచ్చాయా లేదా చూడమన్నావు కదా. నేను ఎదురుగా చూశానా, పక్కనుంచి చూశానా?"

నువ్వు ఎదురుగానే చూశావు తల్లీ. గీతలు సరిగ్గానే పెట్టావు. రెండేళ్ళ కింద ఆ మలుపులో అమ్మ పడింది నీ వల్ల కాదు. నా వల్ల.

మోకాళ్ళ నొప్పులతో ఎదురుగాలిలో తొక్కలేకపోతోందని, మూడు గేర్ల పాత హబ్బు తీసేసి ఎనిమిది గేర్లది వేశాను కదా. ఆ హబ్బు పక్కింటివాళ్ళ పొట్టి సైకిలుది. దాంతో పాటే హ్యాండిలు మీద గేరు మార్చే పిడీ, దాని కేబులూ వచ్చాయి. మీ అమ్మది పొడుగు సైకిలు, హ్యాండిలు ఎత్తు. బిగిస్తుంటే కేబులు బెత్తెడు తక్కువైంది. పొడుగుది తెచ్చి వెయ్యాలి, ఏ చంటిపిల్లాడికైనా తెలుసు. ఆ రోజు శనివారం, దుకాణం మూసేశారు. కానీ తల్లీ, దుకాణం తెరిచి ఉన్నా నేను వెళ్ళేవాణ్ణి కాదేమో. బాగున్న కేబులు పారెయ్యడం మన ఇంట్లో పాపం కింద లెక్క. మా నాన్న వంగిన మేకులు తిన్నగా కొట్టి మళ్ళీ వాడేవాడు. నేను ఫ్రేముకున్న రెండు కొక్కేలు తప్పించి, కేబులును అడ్డదారిన లాగి, బిగించాను. చేరింది కదా అనుకున్నాను. గర్వపడ్డాను కూడా.

మర్నాడు నువ్వు గీతలు కలిపావు. సైకిలు స్టాండు మీద ఉంది, హ్యాండిలు నిటారుగా ఉంది. అలా ఉంటే అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఊళ్ళో ఎవరి సైకిలు బాగుచేసినా "హ్యాండిలు రెండు పక్కలకీ పూర్తిగా తిప్పి చూడండి, కేబులు లాగకూడదు" అని పాఠం చెప్పేవాణ్ణి. ఆ రోజు నీకు చెప్పలేదు, నేనూ చూడలేదు.

అమ్మను ఆస్పత్రిలో చేర్చి ఇంటికి వచ్చాక నేను షెడ్డులోకి వెళ్ళాను. గీతలు ఒకే గీతలా కలిసి ఉన్నాయి. హ్యాండిలు ఎడమకు తిప్పాను. కుడిచేతి పిడి ముందుకు పోయి కేబులును లాగింది. గీతలు గింజంత పక్కకు జరిగాయి. ఆ కాస్త చాలు, హబ్బు ఏ గేరూ పట్టుకోదు, పెడలు ఉత్తగా తిరిగిపోతుంది. బలంగా తొక్కుతున్న మనిషి పక్కకు పడిపోతుంది.

అప్పుడే వంటింట్లోంచి నీ గొంతు వినిపించింది. "నేనే అత్తా, నేనే సరిగ్గా పెట్టలేదు" అని సీత్స్కె అత్తతో అంటూ ఏడుస్తున్నావు. చెప్పాలనే లోపలికి వచ్చాను. నోరు తెరిచాను. చేతులకు జిడ్డు చూసి మీ అత్త సబ్బు అందించింది. కడుక్కున్నాను. తుడుచుకున్నాను. అంతే, ఆ క్షణం పోయింది. తర్వాత ప్రతి రోజూ నిన్నటికన్నా కష్టమైంది.

ఆ ఏడు నికొలాసు పండక్కి, కానుకలకు పద్యాలు కట్టే ఆనవాయితీగా, నీ కానుక మీద అత్త వెక్కిరింపు పద్యం కట్టింది గుర్తుందా, "సముద్రాన్ని తోడే పిల్ల, సైకిలు ముందు చతికిలపడె" అని. గట్టిగా చదవమని కాగితం నా చేతికిచ్చారు. చదివాను రిన్స్కే. అందరూ నవ్వారు, నువ్వూ నవ్వావు. ఆ తర్వాత ఎన్నిసార్లు సెలవుకు వచ్చినా నువ్వు షెడ్డులో అడుగు పెట్టలేదు. అది చూస్తూ కూడా నేను ఊరుకున్నాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది. అయినా అడుగుతున్నాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే వెళ్ళి పొడుగు కేబులు తెచ్చాను. వేస్తుంటే మీ అమ్మ కర్ర పొడుచుకుంటూ షెడ్డులోకి వచ్చింది.

"కొత్తదెందుకు? పాతది తెగిందా?"

"తెగలేదు. పొట్టిది."

"ఎప్పట్నుంచి పొట్టిది?"

"మొదట్నుంచీ."

ఆమె బోర్లించిన పెట్టె మీద కూర్చుంది. హ్యాండిలు తిప్పి చూపించాను. చెయ్యి చాపి తనూ ఒకసారి తిప్పి చూసింది. చివరికి, "పిల్లకు తెలుసా?" అంది.

"తెలీదు."

"నా తుంటి ఆరు నెలల్లో అతుక్కుంది బౌకే. ఎముక గనక. నువ్వు విరిచింది దాన్నొక్కదాన్నే అనుకోకు." లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "కొక్కేలన్నీ వేసి బిగించు. అడ్డదారులు చాలు."

ఆ తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడింది రెండే మాటలు, "రొట్టె అందుకో", "వెన్న ఇటివ్వు". ఇవాళ వంతెన దాటి వచ్చి, చక్కెర రొట్టె మందంగా కోసి పెట్టి, "నా వంతు అయింది. ఇక నీ వంతు" అని కాగితం తెచ్చి ముందు పెట్టింది.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో అయితే నువ్వు మధ్యలో "పర్లేదులే నాన్నా" అంటావు, నేను మిగతాది మింగేస్తాను. మీ ఓడలో పనిచేసే డౌవె ఎల్లుండి సెలవు ముగించి వస్తున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. నువ్వు వాళ్ళకు జవాబు చెప్పాల్సిన నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ పనికి వద్దని మాత్రం చెప్పకు. నా మీద కోపంతో వద్దన్నా నేను కాదనలేను, కానీ నీ చేతుల మీద అనుమానంతో వద్దనకు. నీ చేతులు తప్పు చెయ్యలేదు. నేను చూశాను, కళ్ళారా చూశాను, చెప్పలేదు.

ఇట్లు,
రెండేళ్ళు ఆలస్యంగా నోరు విప్పిన
మీ నాన్న,
బౌకె

తా.క. ఈ సంగతి చెప్పాల్సినవాళ్ళు వీళ్ళు. మీ అమ్మ చెబుతుంటే రాశాను. సైకిలెక్కిందని చెప్పి ఊరుకుంటే సరిపోదు, కేబులు సంగతీ చెప్పాలంది. నువ్వు ఎవరికీ చెప్పనక్కర్లేదు, అందరికీ నేనే చెబుతాను.

సీత్స్కె అత్తకు. పద్యం ఆమెదే గనక ముందు ఆమెకు.

మీ బాబాయికీ పిన్నికీ. ఈసారి పుట్టినరోజు విందులో చుట్టాలందరూ కుర్చీల వరసలో కూర్చున్నాక, కాఫీ రెండో విడతకు ముందు.

మీ వదిన యెల్ట్యెకు. "రిన్స్కెను సైకిలు ముట్టుకోనివ్వకండి" అని ఫలకం చేయించి తెచ్చింది. అది గోడ మీంచి తీసి తిరిగి ఇచ్చెయ్యాలి.

మా అమ్మకు. ఆమెకు బొత్తిగా చెవుడు కదా, భోజనాల వేళ తప్ప మెలకువగా ఉండదు. ఆమె ఉంటున్న వృద్ధుల నిలయం భోజనాల హాలులో నిలబడి గొంతెత్తి అరవాలి. నలభై మందీ వింటారు. విననీ.