ఆరు బెత్తల మూర

వుడ్‌ల్యాండ్స్,
మంగళవారం

చక్రీ,

నువ్వూ తారా చల్లగా ఉండాలని పొద్దున దీపం పెట్టేటప్పుడు అనుకున్నాను. ఆ మాటతోనే మొదలుపెడుతున్నాను. ఫోన్ చేస్తే నువ్వు తీయడం లేదు. తీసినా నాకు ఫోన్లో మాటలు రావని నీకు తెలుసు. మీరుండే బూన్ లే ఈ ఊళ్లోనే ఉంది. అయినా ఉత్తరం రాస్తున్నాను.

నీ కూతురు నా దగ్గర క్షేమంగా ఉంది. పాలిటెక్నిక్‌కి ఇక్కడినుంచి దగ్గరని తారతో చెప్పి బట్టలు సర్దుకుని వచ్చింది. అది సాకని తారకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ ఆదివారం మన తెలుగువాళ్ల సభ అయ్యాక లిటిల్ ఇండియా నుంచి ఇంటిదాకా ట్రైన్‌లో నువ్వు నిఖిలతో ఒక్క ముక్క మాట్లాడలేదట. ఇంటికెళ్లాక కూడా అంతేనట. "తిట్టినా బాగుండేదత్తా" అంది.

సభలో నేనూ ఉన్నాను కదా. ఎంత బాగా చెప్పావు! కింద హోటల్లోంచి తాలింపు వాసన వస్తున్నా ఎవరూ కదల్లేదు. పెద్ద పిరమిడ్ చుట్టుకొలతను దాని ఎత్తుకు రెట్టింపుతో భాగిస్తే ఇరవై రెండు బై ఏడు, అంటే పై, వస్తుందన్నావు. "వాళ్లు కొలిచింది మూరలతో. మూరకి ఆరు బెత్తలు. ఆ కొలతలో ఏడన్నదే లేదు. మరి ఆ ఏడు ఎక్కణ్ణుంచి వచ్చింది? వృత్తం రహస్యం తెలిసినవాళ్లు కావాలనే పెట్టారు!" అని బల్ల చరిచావు. చప్పట్లు పడ్డాయి. అప్పుడు లేచింది నిఖిల, ఎప్పటిలాగే మాట చివర ఇక్కడి పిల్లల 'లా' తగిలిస్తూ.

"డాడీ, ఈజిప్ట్ వాళ్ల రాయల్ క్యూబిట్‌కి సెవెన్ పామ్స్, అంటే ఏడు అరచేతి వెడల్పులు. ఒక క్యూబిట్ పైకి వెళ్తే అయిదున్నర పామ్స్ లోపలికి, అంతే వాళ్ల స్లోప్. నాలుగు అయిదున్నరలు ట్వెంటీటూ, కింద సెవెన్, ఆ నంబర్ ఆటోమేటిక్‌గా వచ్చేస్తుంది. పై తెలియక్కర్లేదు లా. మీరు సిక్స్ ఎందుకు పెట్టారు?"

నువ్వు జవాబు చెప్పేలోపే సభ నడిపే మల్లికార్జునరావు గారు అందుకున్నారు. "చక్రధర్ గారూ, రిహార్సల్ ఇంట్లో వేసుకుని రావాల్సిందండీ!" హాలంతా నవ్వింది. నువ్వు కాగితాలు సర్దుకున్నావు. ఆఫీసులో నిన్నెవరూ ఏమీ అడగరనీ, ఈ పిరమిడ్ ఒక్కటే నీదనీ ఒకసారి అన్నావు నాతో. నాకు అదే గుర్తొచ్చింది.

కోపం తగ్గేదాకా పిల్లని ఇక్కడే ఉండనీ. నాకేమీ ఇబ్బంది లేదు.

నీ అక్క,
సత్యవాణి


వుడ్‌ల్యాండ్స్,
శుక్రవారం

చక్రీ,

ఈ ఉత్తరం తీరిగ్గా చదువు. నాకేమీ ఇబ్బంది లేదని రాశాను. అది సగం మాట. మీ బావ పోయాక ఈ ఇంట్లో నేను మాట్లాడేది దేవుడితోనే. లిఫ్టులో ఎవరైనా ఎన్నో అంతస్తని అడిగితే, చెప్పే నా గొంతు నాకే కొత్తగా వినపడేది. గుళ్లో అందరికంటే ఆలస్యంగా లేస్తానని అందరూ నా భక్తిని మెచ్చుకుంటారు. సగం భక్తే. మిగతాది, ఇంటికెళ్లి చేసేదేమీ లేక. నిఖిల వచ్చాక స్నానాల గదిలోంచి పాటలు వస్తున్నాయి. మధ్యాహ్నం కాలేజీ నుంచి "అత్తా, మకాన్ అయిందా?" అని మెసేజ్ పెడుతుంది. తిన్నావా అని నన్ను అడిగేవాళ్లు ఉన్నారు. మీ పోట్లాట ఇంకొన్నాళ్లు సాగితే బాగుండునని నాకు అనిపించింది. దేవుడి ముందు కూర్చునేదాన్ని, ఇలాంటి ఆలోచన ఎలా వచ్చిందో తెలియదు. కానీ వచ్చింది.

నువ్వు అనుకుంటున్నట్టు అది నిన్ను చిన్నబుచ్చాలని సభలో లేవలేదు. వచ్చిన మర్నాడే నాతో చెప్పింది. "డాడీకి సెవెన్ అని తెలుసత్తా. సెవెన్ పెడితే థియరీ పోతుందని కావాలనే సిక్స్ పెట్టాడు. అంతమంది ముందు అబద్ధం చెప్పాడు." మీ డాడీ అలాంటివాడు కాదన్నాను. "మరి సిక్స్ ఎక్కడిది? ఏ బుక్‌లోనూ లేదు!" అంది. నాకు ఆ రోజు జవాబు తట్టలేదు.

ఈ పొద్దున తట్టింది. సెరంగూన్ రోడ్డు నుంచి తెచ్చిన మల్లెదండను పటాలకి తెంపుదామని చేతిమీద కొలుస్తున్నాను. మోచేతి దగ్గర మొదలుపెట్టి వేలి కొసకి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. నిఖిల సోఫాలోంచి చూసి "ఏమైందత్తా?" అంది. ఏమీ లేదు అన్న మాట నాలిక మీదికి వచ్చింది. చెప్తే అది వెళ్లిపోతుంది. చెప్పకపోతే ఉంటుంది. చేతిలో పూలున్నాయి, ఎదురుగా దేవుడున్నాడు. ఇలా రా అన్నాను.

"ఇది మూర. నీ నాలుగు వేళ్లు దగ్గరికి పెట్టు. ఆ వెడల్పు బెత్త. ఇప్పుడు నా చేతిమీద కొలువు."

మోచేతి నుంచి బెత్త తరువాత బెత్త పెట్టుకుంటూ వచ్చింది. దాని చెయ్యి నా చెయ్యంతే ఉంది ఇప్పుడు. ఆరు వచ్చింది. నమ్మక తన చేతిని తను కొలుచుకుంది. ఆరే.

"డాడీ క్యూబిట్ ఇదేనా?"

"ఇదే. ఇంగ్లీషు పుస్తకంలో క్యూబిట్ అని కనపడగానే మూర అనుకుని ఉంటాడు. మూరకి ఆరు బెత్తలని వాడికి చిన్నప్పుడు నేర్పింది నేనే. రాజుల మూర వేరే ఉంటుందని మా ఇద్దరికీ ఎవరు చెప్పారు?"

ఆ నాలుగు వేళ్లూ ఇంకోసారి తన మోచేతికి ఆనించి చూసుకుంది. తరువాత "చీట్ చేశాడనుకున్నానత్తా" అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. తప్పు లెక్క చెప్పే నాన్న దానికి ఫరవాలేదు. అబద్ధమాడే నాన్న దగ్గర ఉండలేక వచ్చేసింది, అంతే.

రేపు సాయంత్రం వస్తుంది. తలుపు నువ్వే తియ్యి. పెద్ద మాటలేమీ వద్దు. నా సంగతికేం, నాకు అలవాటే.

అక్క


వుడ్‌ల్యాండ్స్,
సోమవారం

చక్రీ,

నిన్న నీ ఫోన్ వచ్చినప్పుడు నేను నాలుగు మాటలైనా మాట్లాడి ఉండను. మీ ఇద్దరూ నన్ను మాట్లాడనిస్తేగా!

"అక్కా, సెవెన్ ఒప్పుకున్నాను. కానీ అయిదున్నరే ఎందుకు ఎంచుకున్నారు? అది చెప్పమను దీన్ని!" అని నువ్వు.

"పక్క పిరమిడ్‌కి అయిదుంబావు డాడీ! అక్కడ పై రాదు. అప్పుడేం చెప్తారు?" అని అది.

"అంటే ఒక్కదానికే పెట్టారన్నమాట. చూశావా, అదే రహస్యం!"

"అయ్యో, డాడీతో కాదు, కెనాట్ లా!"

వెనకనుంచి తార కేక వినపడింది. "పిరమిడ్లు ఎక్కడికీ పోవు, అన్నం చల్లారిపోతోంది! వదినా, మీరైనా చెప్పండి!" నేను చెప్పేలోపే "అక్కా, మళ్లీ చేస్తా" అని పెట్టేశావు.

ఫోన్ పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్తే కుక్కర్లో ఇద్దరికి సరిపడా అన్నం ఉంది. నా చేతికింకా తెలియలేదు. ఒక కంచంలో పెట్టుకుని కూర్చున్నాను. కిటికీలోంచి కాజ్‌వే వంతెన మీద సరిహద్దు దాటి జొహోర్ వెళ్లే బళ్ల వరస కనపడుతోంది. అన్నిట్లోనూ మనుషులే. కంచం పక్కకి జరిపాను. అలవాటే అని నీకు రాశాను. అబద్ధం రాశాను చక్రీ. అలవాటు కాలేదు.

పెద్దదాన్ని, మీరొస్తే పెట్టాలి తప్ప నోరు తెరిచి రమ్మని అడగకూడదనుకుంటూ వచ్చాను. ఇప్పుడు అడుగుతున్నాను. ఆదివారం ముగ్గురూ ఇక్కడికి రండి. ఆ అయిదున్నర సంగతి అక్కడ తేల్చేయకండి, ఇక్కడికొచ్చి తేల్చుకోండి. తేలకపోతే మరీ మంచిది, పై ఆదివారం కూడా రావచ్చు. నాకేమీ అర్థం కానక్కర్లేదు. మీ అరుపుల మధ్య కూర్చుని అన్నం తింటాను.

ఎదురుచూసే
మీ అక్క