నూటికి ఎనభై నాలుగు

జనగామ, ఆగస్టు 1989, మంగళవారం

ఇంకోసారి ఆ మిషను ముందు పెట్టుకుని నోరు తెరవను. మా డాక్టరుగారు దాన్ని హైదరాబాద్ నుంచి తెచ్చి వారమే అయింది. వేలికి తొడిగితే రక్తంలో ఆక్సిజన్ నూటికి ఎంత ఉందో చెబుతుంది. ఆయాసంతో కొడకండ్ల ఊరి నుంచి వచ్చి చేరిన అవ్వకు తొడిగితే ఎనభై నాలుగు. ఆమె కొడుకు బడిలో లెక్కల సారు.

"నూటికి ఎనభై నాలుగే ఉంది సార్, ఆక్సిజన్ పెట్టాలి" అన్నాను.

"ఎనభై నాలుగంటే ఫస్ట్ క్లాసే గద సిస్టర్. ఇంటికి తోల్కపోతం" అన్నాడు.

తొంభై ఐదు దాటాలని ఎన్నిసార్లు చెప్పినా, ముప్పై ఐదుకే పాసు చేసే మనిషికి ఎక్కితేగా. డాక్టరుగారు వరంగల్ వెళ్ళారు. ఈయన తన పూచీ మీదే తీసుకెళ్తున్నానని కాగితం మీద సంతకం పెట్టి మధ్యాహ్నం బస్సుకే తీసుకెళ్ళిపోయాడు. ఆ గుంతల దారిలో ఆమెకు ఊపిరి ఎలా ఆడిందో... అసలు 'నూటికి' అని నేనెందుకు అనాలి?

వెళ్తూ వెళ్తూ అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "మావోనికి ఎన్నడు గన్ని మార్కులు రాలే బిడ్డా" అంది రొప్పుతూనే, సంబరంగా.

నా చేతి మీద ఆమె గోళ్ళు నీలంగా ఉన్నాయి.