తూర్పు గోడ మీద పేరు

జీహన్,
18 మే 1987

మెర్విన్‌కి,

ప్రియమైన అని మొదలుపెడదామంటే చెయ్యి రావట్లేదు. నీ వల్ల నా పేరు చెడి ఇరవై రెండేళ్ళు. మనిద్దరం కలిసి పని చేసిన గనివాళ్ళ హాల్లో తూర్పు గోడ నీ వంతు. పొడి రాలే పాత డిస్టెంపర్ కడక్కుండా, ప్లాస్టర్ పట్టడానికని దాని మీదే సీలర్ పూశావు. డాన్సు మధ్యలో ప్లాస్టర్ ఊడిపడి అకార్డియన్ వాయించేవాడి భుజం విరిగింది. నువ్వు కిక్కురుమనకుండా కట్టుకున్న మా చెల్లెలు ఎడ్నాని తీసుకుని బర్నీ ఊరు పోయావు.

ఇప్పుడు హాలు కమిటీవాళ్ళు మళ్ళీ ప్లాస్టరింగ్ చేయిస్తున్నారు. గోడలు సిద్ధం చేసే పని నాకిస్తామంటూనే ఆ సంగతి తవ్వుతున్నారు. తప్పు నీదేనని ఒప్పుకుంటూ రెండు ముక్కలు రాసి పంపు. ఈ కాస్త రాయడానికే నాకు రెండు పూటలు పట్టింది.

పెర్సీ

బర్నీ,
26 మే

ప్రియమైన పెర్సీ,

బిస్కెట్ల డబ్బాలో ప్లాస్టర్ పెళ్ళ ఒకటి పంపుతున్నాను. ఆ గోడదే. ఊడిన మర్నాడు ఏరుకున్నాను. వెనకంతా తెల్లగా డిస్టెంపర్ అంటుకుని ఉంది. ఒక మూల తడిగుడ్డతో తుడిచాను, మిగతాది నువ్వు తుడువు. మన పద్ధతి గుర్తుందిగా, గోడ కడిగినవాడు పెన్సిల్‌తో పేరు రాయాలి, ఆ తర్వాతే సీలర్. ఆ పేరు సీలర్‌కి అంటుకుని పెళ్ళతో పాటే ఊడొచ్చింది, ఆ తెలుపు కింద ఉంది.

అప్పుడే అందరికీ చూపించేవాణ్ణి. ఎడ్నా ఆపింది. "మా అన్నకి పనితనం తప్ప ఇంకేముంది? అది కూడా లాక్కోకు" అంది. తను పోయి నాలుగేళ్ళు. మట్టి వెయ్యడానికి కూడా నువ్వు రాలేదు. ఇంక దాచడం నా వల్ల కాదు.

మెర్విన్

జీహన్,
3 జూన్

ప్రియమైన మెర్విన్ బావా,

తుడిచాను. అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉన్నా నా పేరే అది.

మర్చిపోయానని రాద్దామనుకున్నా. మర్చిపోలేదు, తలుచుకోలేదు. ఎడ్నాకి నొప్పులొస్తున్నాయని ఆ రోజు నువ్వు పని సగంలో పరిగెత్తావు. మిగతాది నేను కడుగుతానన్నాను. ఫుట్‌బాల్ ఆటకి టైమవుతోంది. పేరు రాసేసి, సీలర్ పూసేసి పోయాను. ఆ గోడ కోసం మా చెల్లెలి ఆఖరి చూపు వదులుకున్నాను. ఆ మాట ఇప్పుడు ఎవరితో చెప్పుకోను?

పెళ్ళ తీసుకెళ్ళి కమిటీ బల్ల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. హాలు తాళాలు చూసే వైలెట్ "సీలర్ ఆరడానికి ఇరవై రెండేళ్ళు పట్టిందా పెర్సీ?" అంది. ఆ మాట పడ్డాను. పని మాత్రం నన్నే చెయ్యమన్నారు.

తూర్పు గోడకి ప్లాస్టర్ ఊడిన చోట అప్పట్లో కొట్టిన చెక్కలు పీకేశారు. వెనక డిస్టెంపర్ ఇంకా ఉంది, తడివేలు పెడితే తెల్లగా అంటుతోంది. రోజూ కడుగుతున్నా. ఈసారి పేరు రాయను. నువ్వొచ్చి వేలు రుద్ది, సరిపోయిందంటేనే సీలర్ డబ్బా మూత తీస్తా.

పదిహేనున ప్లాస్టరింగ్ మొదలు. పన్నెండో తారీఖు శుక్రవారంలోగా నీ జవాబు నాకు అందాలి. వస్తావా, రావా?

నీ బావమరిది
పెర్సీ